గుర్రాల తరవాణి

ఆడగుర్రాన్ని ఆడదే కడగాలని మా అత్త పెట్టిన కట్టు. పగ్గం పట్టేది మగవాళ్లు, అదిలించేది మగవాళ్లు, మగగుర్రాన్ని ఎక్కించి దాటించాక ఎవరి గుర్రాన్ని వాళ్లు తోలుకుపోయేదీ మగవాళ్లే. దాటించే ముందు ఆడగుర్రం వెనకభాగం కడిగి, తోకకు గుడ్డ చుట్టి, మగగుర్రానికి కూడా కింద నీళ్లు పోసి శుభ్రం చేసే పని మాత్రం ఇంటి కోడలిది. కాపురానికి వచ్చిన ఏడాదే ఆ పని నా చేతికి వచ్చింది. రెండో తరగతితో బడి మానిపించిన పిల్లని, ఎవరేది నేర్పితే అది నేర్చుకున్నాను. మొదట్లో సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకుంటే మా అత్త నెత్తి మీద మొట్టింది.

"సిగ్గేటే గుంటా? రేపు నువ్వు కనవేటి?"

ఆ తరవాత సిగ్గుపడలేదు.

మాది రాజాం దాపున ఊరు. మాకు సెంటు భూమి లేదు. మా మామగారు చిన్నతనం నుంచీ జమీందారు గుర్రాల సాలలో గడ్డి వేసేవాడు. జమీలు పోయాక ఆ సాల చెదిరిపోయింది. జీతం బాకీకి బదులు ఆయన చేతిలో ఒక చూలు గుర్రాన్ని పెట్టి పొమ్మన్నారు. అది ఈనిన పిల్లే మా మగగుర్రం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్ల బొట్టు. జట్కా తోలేవాళ్లంతా మగగుర్రానికి కాయలు కొట్టించేస్తారు, లేకపోతే బండికి లొంగదు. మా మామగారు కొట్టించలేదు. అందుచేత అరవైలు వచ్చేసరికి రాజాం నుంచి విజయనగరం దాకా విత్తనానికి పనికొచ్చే గుర్రం మాదొక్కటే మిగిలింది. అటు రామతీర్థం నుంచి, ఇటు పొందూరు నుంచి జట్కావాళ్లు తమ ఆడగుర్రాల్ని మా గుమ్మంలోకే తెచ్చేవారు. దాటించినందుకు ఒక కుంచం ఉలవలు, చూలు నిలిచి పిల్ల పడితే ఒక పంచె. అంతే మాకొచ్చేది.

మా ఆయన బతుకు మగగుర్రం మీద లేదు. బూడిదరంగు ఆడగుర్రం ఇంకొకటి ఉండేది, దాన్ని జట్కాకు కట్టి రాజాం నుంచి పొందూరు స్టేషనుకు మనుషుల్ని తోలేవాడు. అది ఒకే ఒక్క ఈత ఈనింది, ఆ పిల్ల వానల్లో చచ్చిపోయింది. నేను చెప్పే ఏటికి దాని వయసు పన్నెండు దాటింది. ముందు మోకాళ్లు రెండూ వాచి, ఎక్కుడు దారి వస్తే ఆగి ఆగి లాగేది. కొత్త గుర్రాన్ని కొనే తాహతు మాకు లేదు. అదే ఇంకొక పిల్లను వేస్తే, ఆ పిల్ల ఎదిగి బండి లాగే వయసు వచ్చేదాకా తల్లి ఎలాగో నెట్టుకొస్తుందని మా ఆయన ఆశ. రోజూ సాయంత్రం దాని కాళ్లకు ఆవనూనె పట్టిస్తూ దానితోనే మాట్లాడేవాడు.

"ఒక్క పిల్లనియ్యే తల్లీ. ఒక్కటంటే ఒక్కటి. ఆ తరవాత నిన్ను ముట్టుకుంటే ఒట్టు."

"దాన్నడిగితే ఏటవుతాది మావా, దేవుణ్ణడుగు," అనేదాన్ని.

"దేవుడికి గుర్రాలు సాలా ఉన్నాయే. మనకే నేవు."

ఇక కుండ సంగతి. మా అత్త వేపాకు, పసుపుకొమ్ము, తుమ్మచెక్క వేసి కుండెడు నీళ్లు కాచేది. ఆ నీళ్లతోనే గుర్రాల్ని కడిగేవాళ్లం. ఒక గుర్రాన్ని కడగడం అవగానే మిగిలిన నీళ్లు ఆముదపు చెట్ల మొదట్లో పారబోసి, కుండ బోర్లించి ఎండలో పెట్టేది. గుడ్డ ఉతికి ఆరేసేది. మళ్లీ గుర్రం వస్తే మళ్లీ కాచేది. నాకు ఆ పద్ధతి కంటగింపుగా ఉండేది. పసుపుకొమ్ము కొనాలి. తుమ్మచెక్క కొట్టుకు రావాలి. పుల్లలు ఏరుకోవాలి. ఒక చెంబెడు నీళ్లు వాడి కుండెడు నీళ్లు పారబోయడమేమిటని లోపల గొణుక్కునేదాన్ని. ఆవిడ బతికున్నన్నాళ్లూ నోరెత్తలేదు. ఆవిడ పోయిన ఏడాది మా నుయ్యి మాఘంలోనే అడుగంటింది, అప్పుడు నేను పద్ధతి మార్చేశాను.

మా ఇంట్లో అన్నంకుండ పక్కన తరవాణి కుండ ఉండేది. రోజూ వార్చిన గంజి అందులో పోస్తాం, పొద్దున్నే ఆ పుల్లటి నీళ్లు అన్నంలో కలుపుకుని తాగుతాం. ఆ కుండ ఎన్నడూ ఖాళీ చెయ్యం. పాతబడేకొద్దీ పులుపు పడుతుంది, పులుపు పడేకొద్దీ ఒంటికి మంచిది. తరవాణి కుండ ఎండిన ఇంట లక్ష్మి నిలవదని ఆడవాళ్లం దానికి శుక్రవారం బొట్టు కూడా పెడతాం. గుర్రాల కుండ కూడా అలాంటిదే అనుకున్నాను. తుమ్మచెక్క నానేకొద్దీ నీళ్లు నల్లబడి చిక్కబడుతున్నాయి. మందు ఎక్కుతోందనుకున్నాను. వాడినంత మేర నీళ్లు పోసి, గుప్పెడు వేపాకు తుంచి వేసి, మూత పెట్టేసేదాన్ని. కొబ్బరిచిప్పతో ముంచి కడగడం, కడిగిన గుడ్డ అందులోనే జాడించి పిండడం. శివరాత్రికి ముందు కాచిన కుండ చైత్రం దాకా పారబోయలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పక్కింటి వదిన గోడ మీంచి చూసి నవ్వేది.

"ఓలమ్మో, గుర్రాలకి తరవాణి పెట్టినావేటే? రేపు ఉల్లిపాయ కూడా కొరికిస్తావేటి!"

"నీకేటి తెలుసు వదినా? ఊరిన మందుకే సత్తువ."

"సత్తువో సంకనాకుడో. నీ పిసినారితనం సూసి గుర్రాలు కూడా నవ్వుతన్నాయి."

నవ్వుకోనీ అనుకున్నాను. పక్కింటి వదిన నోటికి జడిసి సంసారం చేసేదాన్ని కాదు నేను.

ఆ ఏడు శివరాత్రికి జట్కాలన్నీ రామతీర్థం వెళ్లాయి. జనాన్ని దింపి తిరిగి వచ్చే దారిలో ఒకాయన తన నల్ల గుర్రాన్ని మా దగ్గరకు తోలుకొచ్చాడు. కిందటి ఈతలో దానికి పిల్ల చచ్చి పుట్టిందని, మాయ పడక రెండు రోజులు వేలాడిందని, ఎవరో చెయ్యి పెట్టి లాగారని చెప్పాడు. కడుగుతుంటే దాని తోక కింద జిగట తగిలింది. కుళ్లిన చేప వాసన వచ్చింది. ఎదలో ఉన్న గుర్రం, జిగట ఉండదా అనుకుని ఇంకో నాలుగు చిప్పలు ఎక్కువ పోసి తోమాను. గుడ్డ కుండలో జాడించాను. మూత పెట్టాను.

దాని తరవాత రాజాంలో జట్కా తోలే ముసలాయన గుర్రం వచ్చింది. ఆ తరవాత పొందూరు జట్కా ఆయనది. ఆ తరవాత మా బూడిదది.

గుర్రాలు దాటిన రోజు నుంచి నేను సాల గోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని. చూలు నిలవకపోతే ఇరవయ్యొకటో గీత దగ్గర గుర్రం మళ్లీ ఎదకు వస్తుంది. మా బూడిదది పదకొండో గీతకే తోక ఎత్తింది. కింద తెల్లగా, పెరుగు నీళ్లలాగా కారుతోంది. మళ్లీ దాటించాం. మళ్లీ పన్నెండో గీతకు అంతే. ఈలోగా రాజాం ముసలాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి బావా, నీ గుర్రం విత్తనం పుచ్చిపోనాదేటి? నాది మల్లీ ఎదకొచ్చింది. కింద సీము కారతన్నాది. దాన్ని బండికి కడితే ఎక్కినోల్లు ముక్కు మూసుకుంతన్నారు."

"నాదీ అంతే బావా," అన్నాడు మా ఆయన. ఆ మాట అంటూ ఎవరి మొహం కేసీ చూడలేదు.

వారం తిరక్కుండా పొందూరు ఆయనా, నల్లగుర్రం ఆయనా వచ్చారు. నాలుగు గుర్రాలు, నాలుగూ ఖాళీ. అప్పుడు మా ఆయన రాజాం వెళ్లి పశువుల డాక్టర్ని బతిమాలి తీసుకొచ్చాడు. డాక్టరు చిన్నవాడు, గుంటూరు వైపు మనిషి. సైకిలు మీద వచ్చాడు. మోచేతి దాకా రబ్బరు తొడుగు వేసుకుని నాలుగు గుర్రాల్నీ లోపల చూశాడు. పొడుగాటి పుల్లలకు దూది చుట్టి, గర్భసంచి లోంచి తడి అద్ది, గాజు గొట్టాల్లో పెట్టాడు. మగగుర్రం ఒంటి మీంచి కూడా అద్దాడు. పట్నం పంపించి పరీక్ష చేయిస్తానన్నాడు.

"దీనికేటైనా దిష్టి తగిలిందేటి బాబూ?" అని మా ఆయన అడిగాడు.

"దిష్టి కాదయ్యా. సూక్ష్మక్రిములు. కంటికి కనపడవు. అవి గర్భసంచిలో చేరి చీము పట్టిస్తే విత్తనం నిలవదు."

పదిరోజుల పైన అయ్యాక కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ పొద్దు గుర్రాల వాళ్లు ముగ్గురూ మా వాకిట్లోనే ఉన్నారు. పక్కింటి వదిన గోడ దగ్గర చింతపండు గింజలు తీస్తోంది. డాక్టరు మంచం మీద కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"నాలుగు గుర్రాల గర్భసంచుల్లోనూ ఒకటే రకం క్రిమి ఉంది. మగగుర్రం ఒంటి మీదా అదే ఉంది. ఒక దాన్నుంచి ఒక దానికి పాకిందన్నమాట. ఎలా పాకిందో తెలియాలి. ఒక్కొక్కప్పుడు అన్ని గుర్రాలకూ ఒకటే నీళ్లు, ఒకటే గుడ్డ వాడితే ఇలా అవుతుంది. ఒక్కొక్కప్పుడు మగగుర్రానికి లోపలే జబ్బు ఉండి విత్తనంతో పాటు వస్తుంది." నా వైపు తిరిగాడు. "ఏంటమ్మా, కడిగేది మీరేనంట కదా. నీళ్లు ఎప్పటికప్పుడు మారుస్తారా?"

ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది. ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. కుండ సాలలో మూలన, మూత పెట్టి ఉంది. డాక్టరు నాలుగు అడుగులు వేస్తే చూసేవాడే. ముగ్గురు మగవాళ్లు నా మొహం చూస్తున్నారు. రాజాం ముసలాయన గుర్రమే ఆయన ఇంటిల్లిపాదికీ గంజి పోస్తోంది. నీళ్లు మార్చలేదంటే అక్కడే నన్ను నలుగురూ దులుపుతారు. ఊరంతా అంటుంది. పిసినిగొట్టుది, కుండెడు నీళ్లకు ఆశపడి నాలుగిళ్ల గుర్రాల్ని చెడగొట్టిందని అంటుంది. ఇవన్నీ ఆలోచించడానికి నాకెంత సేపు పట్టిందో, నోరు మాత్రం ముందే తెరుచుకుంది.

"ప్రతీ గుర్రానికీ కొత్త నీల్లే బాబూ. మా అత్త నేర్పిన పద్ధతే."

"గుడ్డ?"

"ఉడకేస్తాను."

గోడ దగ్గర గింజల చప్పుడు ఆగింది. వదిన తల ఎత్తి నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. మళ్లీ గింజలు తియ్యసాగింది.

"అయితే లోపలి జబ్బే," అన్నాడు డాక్టరు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దానికి నా దగ్గర మందు లేదయ్యా. ఆడగుర్రాల్ని బాగు చెయ్యొచ్చు. ఈ మగగుర్రాన్ని మాత్రం ఇక దేని మీదికీ వదలొద్దు."

మా ఆయన మగగుర్రం దగ్గరకు వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రాజాం ముసలాయనే అన్నాడు.

"నీ బాబు సేసిన పున్నెం ఈ గుర్రంతో సరి బావా."

వాళ్లు వెళ్లాక నేను కుండ మోసుకెళ్లి ఆముదపు చెట్లలో వంచాను. అడుగున వేలి మందాన జిగట పట్టి ఉంది. నల్ల గుర్రం దగ్గర వచ్చిన వాసనే వచ్చింది. ఇన్నాళ్లూ ఆ వాసన వేపాకు మురిగిన వాసన అనుకున్నాను. కుండ పగలగొట్టి, గుడ్డ కాల్చేశాను.

"సెప్పెయ్యే," అంది వదిన, నీళ్లకు పోతూ మా గుమ్మం దగ్గర ఆగి. "మొగుడే కదా. కొడితే ఓ దెబ్బ కొడతాడు."

"కుండ వల్లే అని నువ్వు సూసినావేటి? సదువుకున్న డాక్టరే లోపలి జబ్బన్నాడు."

"డాక్టరు నువ్వు సెప్పింది ఇని అన్నాడు."

"నీ పని నువ్వు సూసుకో వదినా."

ఆవిడ కడవ ఎత్తుకుని వెళ్లిపోయింది. తరవాత ఎన్నో ఏళ్లు మాట్లాడుకున్నాం గానీ, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

డాక్టరు చెప్పినట్టు బూడిదదానికి వైద్యం మొదలుపెట్టాం. నీళ్లు తెర్లకాచి చల్లార్చి, నౌపడ ఉప్పు కొలిచి కలిపి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి, రబ్బరు గొట్టంతో గర్భసంచిలోకి పోయాలి. పోసిన నీళ్లు బయటికి వస్తాయి. మొదటి రోజు మజ్జిగలా వచ్చాయి. తేటగా వచ్చేదాకా పొయ్యాలి. చివర్లో పెన్సిలిన్ మందు పోసి వదలాలి. నేను ప్రతిపూటా కుండ తోమి, కొత్త నీళ్లు కాచి, గుడ్డలు ఉడకబెట్టాను. ఇంట్లో ఉన్న పుల్లలన్నీ అయిపోతే కంచె కర్రలు పీకి పొయ్యిలో పెట్టాను.

"ఏటే, ఇయ్యాల నీ సేతికి ఎముక నేకుండా పోనాది?" అని మా ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు చూసి నేను లోపలికి పోయాను.

చెప్పడానికి రోజులు లేక కాదు. పొద్దున్న చద్దన్నం పెట్టేటప్పుడు చెప్పవచ్చు. గుర్రానికి నీళ్లు పోసేటప్పుడు ఇద్దరమే ఉండేవాళ్లం, అప్పుడు చెప్పవచ్చు. ఒక రోజు ఆగితే రెండో రోజు ఇంకా బరువయ్యేది. మగగుర్రం కట్టుగొయ్య దగ్గర ఊరికే నిలబడి గిట్టలతో నేల తవ్వుతూ ఉండేది. బూడిదదాన్ని తీసుకుపోతుంటే సకిలించేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు డాక్టరు అడిగిన మాటే వినపడేది. అది కంటి ముందు లేకపోతే బాగుండునని అనిపించింది. మనిషికి అలా కూడా అనిపిస్తుంది.

"ఊరికే నిలబెట్టి ఎన్నాల్లు మేపుతాం మావా? ఇద్దరు మనుసుల తిండి తింతన్నాది. అమ్మెయ్యి."

"మా అయ్య పెంచిన గుర్రమే అది."

"పెంచినోడు పోనాడు. విత్తనానికి పనికిరాదని డాక్టరు సెప్పేసినాడు. ఉలవలు నీ బాబు పంపిస్తాడేటి పైనుంచి?"

నోరు పారేసుకున్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే పొందూరు వెళ్లి, నౌపడ స్టేషను నుంచి ఉప్పు కొఠారుకు జట్కా తోలే ఒకాయనతో బేరం కుదుర్చుకుని వచ్చాడు. ఆయన వైశాఖంలో వచ్చి మగగుర్రాన్ని పట్టుకుపోయాడు. రోడ్డు మలుపు తిరిగేదాకా అది తల వెనక్కి తిప్పుకుంటూనే వెళ్లింది. మా ఆయన గుమ్మంలోకి రాలేదు. బూడిదదాని కాళ్లకు నూనె రాస్తూ సాలలోనే కూర్చున్నాడు.

రెండు వారాల మీద డాక్టరు మళ్లీ వచ్చాడు. మధ్యలో ఓసారి వచ్చి అద్దుకుపోయిన తడికి పట్నం నుంచి రెండో పరీక్ష కాగితం తెచ్చాడు. తొడుగు వేసుకుని బూడిదదాన్ని చూసి, చెయ్యి బయటికి తీసి, మొదటిసారిగా నవ్వాడు.

"శుభ్రంగా ఉందయ్యా! చాలా బాగా కడిగారు. ఇంత తొందరగా తేరుకుంటుందనుకోలేదు. వచ్చే ఎదకు మంచి మగగుర్రాన్ని చూసి దాటించండి."

"మగగుర్రం ఎక్కడుంది బాబూ? ఉన్నదొక్కటే. అమ్మేసినాం."

"అవును, తప్పదు కదా." డాక్టరు చేతులు కడుక్కుంటూ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "అదే నీళ్ల వల్ల అంటుకున్నదై ఉంటే ఎంత తేలిక! పైపైన ఉండే క్రిమే కదా. ఓ పది రోజులు సబ్బుతో కడిగి, నెలా రెండు నెలలు దాటించకుండా ఉంచితే పోయేది. మళ్లీ పరీక్ష చేసి హాయిగా వదిలేవాళ్లం. మీ అదృష్టం అలా ఉంది, ఏం చేస్తాం."

నేను ఆయన చేతుల మీద నీళ్లు పోస్తున్నాను. చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాను.

డాక్టరు సైకిలు ఎక్కి వెళ్లగానే మా ఆయన్ని సాలలోకి పిలిచాను. నిలబడే చెప్పాను.

"మావా, నాను అబద్దం సెప్పినాను. నీల్లు మార్చనేదు. శివరాత్రి నుంచీ ఒకటే కుండ. గుడ్డ కూడా అందులోనే జాడించినాను. నల్లదాని జబ్బు నా సేతుల మీదే అన్నిటికీ అంటింది. మన మగగుర్రానికి లోపల ఏ జబ్బూ నేదు."

ఆయన మగగుర్రం ఖాళీ కట్టుగొయ్య కేసి చూశాడు.

"ఆ రోజెందుకు సెప్పనేదు?"

"నలుగురూ ఉన్నారని."

"ఆల్లు ఎల్లిపోయినాక?"

కొడతాడనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కున్నాడు. గుర్రాన్ని అమ్మిన డబ్బు అటక మీద మూటలో అలాగే ఉంది, ముట్టుకోలేదు. అది నడుముకు కట్టుకుని పొందూరు స్టేషను దారి పట్టాడు. అన్నం తిని వెళ్లమన్నాను. వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్న బూడిదది ఎదకు వచ్చింది. కిందటి ఎద నుంచి గోడ మీద గీతలు లెక్కపెడితే సరిగ్గా ఇరవయ్యొకటి. ఎన్నాళ్లకో వేళకు వచ్చింది. కింద తేటగా ఉంది, వాసన లేదు. ఎద నాలుగైదు రోజులుంటుంది. నౌపడ నుంచి గుర్రాన్ని రైల్లో తేలేరు, నడిపించుకు రావాలి. ఆ రోజే బయలుదేరితే మూడో రోజుకు వచ్చెయ్యవచ్చని లెక్క కట్టాను, డాక్టరు చెప్పిన పది రోజుల సబ్బు కడుగుడు నా ఆశకు అడ్డు రాలేదు. వైద్యానికి వాడని కొత్త కుండ ఒకటి అడిగి తెచ్చి, వేపాకు, పసుపు వేసి నీళ్లు కాచాను. మర్నాడు వాటిని పారబోసి మళ్లీ కాచాను. ఆ మర్నాడూ అంతే. రోడ్డు మీద గిట్టల చప్పుడు వినిపిస్తే పరుగెత్తి గుమ్మంలోకి వచ్చేదాన్ని. రాజాం వైపు పోయే జట్కాలే అన్నీ.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన ఒక్కడే వచ్చాడు. కాళ్ల నిండా తెల్లటి ఉప్పు దుమ్ము. అరుగు మీద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లు ఇచ్చాను. అన్నీ తాగాడు.

"గుర్రం ఏది మావా?"

"ఉన్నాది. బాగానే ఉన్నాది. బండి లాగతన్నాది."

"ఇయ్యననేసినాడేటి?"

"ఇచ్చేత్తానన్నాడు. మంచోడే. ఇంకో రెండు రూపాయిలు తగ్గించుకుంతానని కూడా అన్నాడు." చెంబు కింద పెట్టాడు. "తీసుకెల్లిన నాలుగో రోజునే కాయలు కొట్టించేసినాడంట. బండికి లొంగనేదని. పుండు కూడా మానిపోనాది."

సాలలోంచి బూడిదది సకిలించింది. మనిషి గొంతు విని. లేకపోతే ఎద ఇంకా తగ్గక. నాకు తెలియదు.

"నన్ను తిట్టు మావా. కొట్టు. ఏటోటి సెయ్యి."

"నిన్ను కొడితే పిల్ల పుడతాదేటే?" అన్నాడు. గొంతు పెంచలేదు. "అన్నం ఉంటే పెట్టు."

పెట్టాను. తిన్నాడు. తిన్నాక సాలలోకి వెళ్లి, బూడిదదాన్ని రోడ్డు కనపడకుండా గోడ వైపు తిప్పి కట్టాడు.

ఆ తరవాత మగగుర్రం కోసం మా ఆయన వెతకని ఊరు లేదు. విజయనగరంలో ఒకటి ఉందంటే వెళ్లాడు. అది కిందటి ఏడే చచ్చిపోయిందట. పర్లాకిమిడి వైపు ఉందంటే వెళ్లాడు. కాయలు కొట్టినవే కనపడ్డాయి. బూడిదది ఇరవయ్యొక్క రోజులకోసారి తోక ఎత్తుతూనే ఉంది. లోపల ఏ రోగమూ లేదు, ఏ లోటూ లేదు. ఎండలు తగ్గాక ఎద ఆగిపోయింది. మళ్లీ మాఘంలో మొదలైంది. ఆ ఏడాది చివరికి దాని మోకాళ్లు పూర్తిగా పోయి, ఓ పొద్దున్న లేవలేకపోయింది. మూడు రోజులు గంజి తాగించాం, నాలుగో రోజు పోయింది.

రాజాంలో అప్పటికి రిక్షాలు వచ్చేశాయి. మా ఆయన ఒకటి అద్దెకు తీసుకున్నాడు. నలభై దాటిన మనిషి, పిల్ల గుర్రం లాగవలసిన జనాన్ని తన కాళ్లతో తొక్కి లాగాడు. ఎక్కుడు వస్తే దిగి తోసేవాడు. పాత ఎరిగినవాళ్లు ఎవరైనా ఎక్కి, మీ గుర్రాలేమయ్యాయని అడిగితే, మగదానికి లోపల జబ్బు చేసిందని చెప్పేవాడు. నేను పక్కన ఉన్నా అదే చెప్పేవాడు. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు.

రాజాం ముసలాయన గుర్రం కూడా బాగుపడింది గానీ దాటించడానికి మగగుర్రం దొరకలేదు. దాన్ని సంతలో వచ్చినంతకు అమ్ముకుని, మనవడి పంచన చేరాడు. మంచాన పడ్డాడంటే చూడ్డానికి వెళ్లాను. ఊడిపోయిన పళ్లతో, అంత నీరసంలోనూ, మా మామగారి గుర్రాన్ని తిట్టాడు.

"కులాసాగా ఉన్న నా గుర్రాన్ని సెడగొట్టేసినాది, పుచ్చు విత్తనపుది."

ఆయన కోడలు నాకు మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగి, గిన్నె కడిగి ఇచ్చి, వస్తానని చెప్పి వచ్చేశాను.